మద్రాసులో నీ ఆదివారం

తెనాలి,
మాఘమాసం, బుధవారం మధ్యాహ్నం.

చిరంజీవి కన్నయ్యకి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

ఒరేయ్ నాన్నా, ఆదివారం రాత్రి నువ్వు పంపిన ఫొటోలూ, హాస్టల్ మెట్ల మీద కూచుని చెప్పినట్టున్న ఆ పొడుగాటి వాయిస్ మెసేజీ అన్నీ అందాయి. మెసేజీ వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది, పక్కింటి పిన్నిగారు కూడా ఓసారి విని, మీ మనవడి గొంతు అచ్చం వాళ్ళ తాత గొంతేనండీ అనేసి, ఆ మాట నా చెవిలో వదిలేసి వెళ్ళింది. ఫోనులోనే మాట్లాడొచ్చు గానీ, ఫోనైతే నువ్వు ఆఁ అమ్మమ్మా, ఊఁ అమ్మమ్మా అంటుండగానే వెనకనుంచి ఎవరో ఒకరు నిన్ను కేకేస్తారు, నేను చెప్పదలుచుకున్నది సగంలో తెగిపోతుంది. అందుకని మీ తాత వాడిన రైటింగ్ ప్యాడ్ బీరువాలోంచి తీసి ఉత్తరమే మొదలుపెట్టాను. తీరిగ్గా చదువుకో, ఒక్క బిగిన చదవాలని ఏమీ లేదు.

మెసేజీ చివర్లో నువ్వన్న మాట నన్ను పట్టుకుంది. ఏం లాభంలే అమ్మమ్మా, తొమ్మిది చోట్లు కాగితం మీద రాసుకుని బయల్దేరితే మూడు కూడా సరిగ్గా చూడలేదు, ఆదివారం మొత్తం వేస్టయిపోయింది అన్నావు చూడు, ఆ నిట్టూర్పు విన్నాక నాకు కాస్త బెంగేసింది, పంతొమ్మిదేళ్ళకే వీడు రోజులకి పద్దులు రాసుకోవడం మొదలుపెట్టాడా అని. మీరు చూడకుండా వదిలేసినవన్నీ ఎక్కడికి పోతాయిరా? అడయారు మర్రిచెట్టు వయసు నాలుగు వందల యాభై ఏళ్ళంటారు, 1989లో గాలివానకి నడిమి మాను కూలిపోయినా ఊడల మీద నిలబడే ఉంది, నువ్వు వచ్చే ఏడు వెళ్ళినా అక్కడే ఉంటుంది. కోటా అంతే, లైట్‌హౌసూ అంతే. సరే, వాటి సంగతి తరవాత. నీ ఆదివారం నేను విన్నదాన్నిబట్టి నీకు మళ్ళీ చెబుతాను, అది ఎలాంటి రోజో నువ్వే చూద్దువు గాని.

పొద్దున తాంబరం నుంచి ఎలక్ట్రిక్ బండెక్కి మాంబళంలో దిగామన్నావు. ఆ స్టేషను మెట్లు దిగి రంగనాథన్ వీధిలో కాలు పెడితే చాలు, మనం నడవక్కర్లేదు, జనమే మనల్ని నెట్టుకుంటూ తీసుకెళ్ళి ఉస్మాన్ రోడ్డు మీద వదిలిపెడతారు. 1972లో పెళ్ళయి, పసుపు ఆరని తాళితో మొదటిసారి మీ తాత వెనక ఆ వీధిలో నడిచినప్పుడు ఆయన చొక్కా చెంగు పట్టుకుని నడిచాను. చెయ్యి పట్టుకోవడానికి సిగ్గు, వదిలేయడానికి భయం. మా పోర్షను స్టేషనుకి ఆవలివైపు, వెస్ట్ మాంబళంలో. ఆరు కుటుంబాలకి ఒకే బావి, ఒకే కుళాయి. మీ తాత పనిచేసే ప్రెస్సు ఈవలివైపు టి.నగర్‌లో. ప్రూఫులు దిద్దీ దిద్దీ కళ్ళు ఎర్రబడి, సాయంత్రం పానగల్ పార్కులో కాసేపు కూచుని, రంగనాథన్ వీధిగుండా పట్టాలు దాటి ఇంటికి వచ్చేవాడు. ఆ పార్కు ఎవరి పేరుతో ఉందో మీ స్నేహితులకి చెప్పావా? పానగల్ రాజా అంటే మన పానగంటి రామరాయణింగారు, కాళహస్తి ప్రాంతం వారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. టి.నగర్‌కి పేరిచ్చిన త్యాగరాయ చెట్టిగారి ఇంట్లోనూ మాట్లాడుకునేది తెలుగే. ఊరు వాళ్ళదా మనదా అని నేను అనడం లేదు, నువ్వు తిరిగే వీధుల్లో మనవాళ్ళు చాలామంది నడిచారని తెలిస్తే నీకు అక్కడ కాస్త తక్కువ కొత్తగా ఉంటుందని చెబుతున్నాను.

ఆ పానగల్ పార్కు బెంచీల మీద ఆ రోజుల్లో ఎప్పుడు చూసినా సినిమాల్లో పాటలు రాద్దామనో, వేషాలు వేద్దామనో బెజవాడ నుంచీ రాజమండ్రి నుంచీ రైలెక్కి వచ్చిన కుర్రాళ్ళు కూచుని ఉండేవాళ్ళు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు, చేతిలో ఓ నోటుబుక్కు, కడుపులో ఏమీ ఉండేది కాదు. మీ తాత వాళ్ళ పక్కన కూచుని ఊరూ పేరూ అడిగి, కాసేపయ్యాక లేచి, బాబూ, నాకు ఒక్కణ్ణీ హోటల్లో కూచుని తినాలంటే ఎబ్బెట్టుగా ఉంటుందయ్యా, ఏమీ అనుకోకపోతే కాస్త తోడు వస్తావా అనేవాడు. తోడు వెళ్ళడానికి ఎవరికి మొహమాటం? ఆ అబ్బాయి తనేదో సాయం చేస్తున్నట్టు వచ్చి కూచునేవాడు, ఇడ్లీ వడా తినేవాడు, కాఫీ తాగేవాడు. నెలాఖర్లలో మా ఇంట్లో పప్పుకి బదులు చారుతో సరిపెట్టుకున్న రోజులున్నాయి గానీ, ఆ తోడు తీసుకెళ్ళడం మాత్రం ఆయన మానలేదు, నేనూ మానమని అనలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే నీ మెసేజీలో ఒక ముక్క ఉంది, నువ్వు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయావు. మధ్యాహ్నం మైలాపూరులో మెస్సుకి వెళ్ళామనీ, అందరం అరిటాకు భోజనం చేశామనీ, ఆ తిరునల్వేలి అబ్బాయి మాత్రం ఆకలి లేదని ఒట్టి కాఫీ తాగి కూచున్నాడనీ అన్నావు. పొద్దున ఏడింటికి హాస్టల్లో బయల్దేరిన పిల్లాడికి, టి.నగరంతా తిరిగాక, ఒంటిగంటన్నరకి ఆకలి లేకపోవడం ఏమిట్రా? ఉంటుంది. జేబులో ఎంతుందో చూసుకుని ఉంటాడు. వాణ్ణి నువ్వు అడగొద్దు, డబ్బులున్నాయా అనీ అడగొద్దు, నేనిస్తాలే అనీ అనొద్దు, ఆ వయసులో ఆ మాట చెంపదెబ్బ తగిలినట్టే ఉంటుంది. ఈసారి నుంచి అందరి భోజనాలూ చెప్పేటప్పుడు ఒక ప్లేటు పూరీయో, రెండు మసాలా దోసెలో ఎక్కువ చెప్పి బల్ల మధ్యలో పెట్టించు, మిగిలిపోతాయిరా, తలా ఒక చెయ్యి వెయ్యండి అను. మధ్యలో పెట్టినదానికి ఎవరూ లెక్క చూసుకోరు. ఈ ఉత్తరంతో పాటు వచ్చే డబ్బు అందుకే పంపుతున్నాను, దాన్ని నీ సెల్‌ఫోను రీఛార్జికి వాడకు.

పాండీబజారులో కాలిబాట వెడల్పు చేసి బెంచీలు వేశారనీ, అక్కడ ఊరికే గంటన్నర కూచుండిపోయామనీ, ఎందుకు కూచున్నామో ఎవరికీ తెలీదనీ చెప్పావు. ఆ గంటన్నరలో ఏం చేశారో కూడా నువ్వే చెప్పావు, మర్చిపోయావా? ఆ కేరళ అమ్మాయి వచ్చేపోయే ఆటోల వెనక రాతలు మీ అందరి చేతా చదివించి మీకు తమిళ అక్షరాలు నేర్పింది, నీకు ఇప్పుడు సగం అక్షరాలు వచ్చేశాయి. మీ క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఆ పొడుగుపాటి కుర్రాడు వాళ్ళ నాన్న పోయిన సంగతి మొదటిసారి చెప్పాడు. పనిమీద వెళ్ళిన చోట ఎవరైనా అలాంటిది చెబుతారా? పక్కన కూచున్నవాళ్ళు లేచి పోరనే నమ్మకం కలగాలి, దానికి ఓ గంటయినా పడుతుంది. వాడు చెప్పాక మీరెవ్వరూ ఏమీ అనలేదనీ, నువ్వు లేచి వెళ్ళి జామకాయలు కొని ఉప్పూకారం చల్లించి తెచ్చి వాడికి ముందు ఇచ్చావనీ విని, ఇంతకంటే ఏం చేయాలిరా, అంతే చాలు అనుకున్నాను.

ఇక మైలాపూరు. మీరు బస్సు దిగేసరికి కపాలీశ్వరుడి గుడి మూసేశారు, మధ్యాహ్నం మూస్తే మళ్ళీ నాలుగింటికి గాని తలుపులు తియ్యరు. ఆ వైజాగ్ అమ్మాయి చెప్పు తెగిందనీ, ఆదివారం కావడంతో చెప్పులు కుట్టేవాళ్ళు దొరక్క మాడవీధులన్నీ తిరిగేసరికి ఆలస్యమైపోయిందనీ, అక్కణ్ణుంచే ప్లానంతా పాడైందనీ చెప్పావు. అంతే చెప్పావు. మిగతాది ఫొటో చెప్పింది.

గుడి గోపురం వెనకాల కనబడేట్టు, ఆరుగురూ రోజ్‌మిల్క్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉంది కదా. శుక్లాలు తీయించుకున్నాక నాకు చూపు బాగా ఆనుతోంది, నువ్వు నేర్పినట్టే రెండు వేళ్ళతో ఆ ఫొటోని పెద్దది చేసుకుని మొహాలన్నీ చూసుకుని, తిన్నావో లేదో నీ బుగ్గలు చూసుకుని, కిందికి జరిపాను. ఆ వైజాగ్ అమ్మాయి కాళ్ళకి మగపిల్లల చెప్పులున్నాయి, మడమ వెనక రెండు వేళ్ళ ఖాళీ, వెనక పట్టీ జారిపోయి నేల మీద పడి ఉంది. అవి నీవే, దసరాకి బెజవాడ బీసెంట్ రోడ్డులో నేను కొనిపెట్టిన గోధుమరంగు చెప్పులు. ఎడమ చివర నువ్వున్నావు. ఉత్త కాళ్ళు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు కాలుతుంటే ఒక పాదం మీద ఇంకో పాదం ఎక్కించి కొంగలా నిలబడి నవ్వుతున్నావు, గ్లాసు పట్టుకున్న చేతి వెనకాల ఆ తెగిన చెప్పు దాచిపెట్టావు. దాన్ని అలా ఎంతసేపు చూశానో. మీ అమ్మకి చూపిద్దామనుకుని, ఎండలో చెప్పుల్లేకుండా తిరిగాడని బాధపడుతుందని మానేశాను. సాయంత్రం ఆగలేక చూపించాను, అది ఏమీ అనకుండా ఫోను దగ్గరికి లాక్కుని అచ్చం నాలాగే పెద్దది చేసుకుని చూసింది.

అరికాళ్ళు బొబ్బలెక్కాయా? ఎక్కితే కొబ్బరినూనె రాసుకో, సూదితో పొడవకు.

నీకు నాలుగేళ్ళప్పుడు తాత పోయాడు, ఆయన నీకు ఏదీ కూచోబెట్టి నేర్పింది లేదు. మా పక్క పోర్షన్‌లో ఓ మామి ఉండేది, నాకు కాఫీ డికాషన్ దించడమూ, తమిళంలో కూరలవాడితో బేరమాడడమూ ఆవిడే నేర్పింది. ఆదివారాలు మా రెండు కుటుంబాలూ కలిసి తిరగడానికి వెళ్ళేవాళ్ళం, నా క్యారియర్‌లో పులిహోర, ఆవిడ క్యారియర్‌లో పెరుగన్నం, ఒకరిది ఒకరం తినేవాళ్ళం. మామికి మోకాళ్ళ నొప్పులు, కానీ నోరు తెరిచి నేను నడవలేను అని చచ్చినా అనదు, అందరి సరదా పాడవుతుందని పెదవి బిగబట్టుకుని నడుస్తుంది. ఆవిడ అడుగు కాస్త తడబడగానే మీ తాత, అబ్బ, నా కాళ్ళు పీకేస్తున్నాయమ్మా అని ముందు తనే ఏ అరుగు మీదో కూలబడేవాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, పొద్దున్నే నాలుగు బిందెల నీళ్ళు మోసినవాడు! కాసేపాగి వేరుశనక్కాయలవాణ్ణి పిలిచేవాడు, ఆ పొట్లాం అయ్యేదాకా లేచేవాడు కాదు. దాంతో మేం ఎప్పుడూ అనుకున్న చోటికి అనుకున్న వేళకి చేరింది లేదు, మ్యూజియం అని బయల్దేరి సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో పాత పుస్తకాల దగ్గరే పొద్దుగూకిన రోజులున్నాయి. 1985లో ఆ మార్కెట్ తగలబడిపోయిందని తెలిసినప్పుడు మామీ నేనూ కలిసి ఏడ్చాం. మామికి చివరిదాకా తెలీదు, మీ తాతకి కాళ్ళు నొప్పులు లేవని. నీకు చెప్పుల సంగతి ఎవరు చెప్పారురా?

భోజనాలయ్యాక ఎండ దిగేదాకా నాగేశ్వరరావు పార్కులో చెట్టు కింద పడి నిద్రపోయామన్నావు, అది చెబుతూ మళ్ళీ సిగ్గుపడ్డావు, మద్రాసు దాకా వచ్చి నిద్రపోయామని. మంచి చోటే నిద్రపోయారు. ఆ నాగేశ్వరరావు ఎవరనుకున్నావు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టినాయన. మీ అమ్మకి తలనొప్పి వస్తే నేను నుదుటికి రాసే అమృతాంజనం ఆయనదే, 1893లో బొంబాయిలో మొదలుపెట్టాడు. ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపాడు, భారతి నడిపాడు. శ్రీబాగ్ ఒడంబడిక అని స్కూల్లో చదువుకున్నావే, 1937లో కోస్తావాళ్ళూ సీమవాళ్ళూ కూచుని రాసుకున్నది, ఆ శ్రీబాగ్ ఆయన ఉండే ఇంటికున్న పేరే, అదీ మైలాపూరులోనే. ఆ పార్కు దాటి రాయపేట హైరోడ్డు మీదికి వస్తే పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన ఇల్లుంది, బులుసు సాంబమూర్తిగారిల్లు. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి, 58 రోజులు అన్నం లేకుండా ఉండి, డిసెంబరు 15న పోయారు. ఇప్పుడది స్మారక భవనం. అటువైపు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చేతులు జోడించి రా, అంతకంటే ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. మీరు ఆరుగురూ తలో ఊరివాళ్ళు ఒకే చెట్టు నీడన పడుకుని లేచి, ఒకరి భుజాన ఉన్న గడ్డి ఒకరు దులుపుకున్నారని చెప్పావు, ఆ మాట నాకెంతో నచ్చింది.

సముద్రం దగ్గరికి చేరేసరికి లైట్‌హౌసు ఎక్కే వేళ దాటిపోయిందని బాధపడ్డావు. పైనుంచి ఊరు బాగానే కనిపిస్తుందట, లిఫ్టు కూడా ఉంది, మరోసారి వెళ్ళండి. కానీ ఆ రోడ్డు మీదే ఐస్‌హౌసుని చూశారో లేదో నువ్వు చెప్పలేదు. సముద్రానికి ఎదురుగా, ముందువైపు గుండ్రంగా ఉంటుంది. 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు కరిగిపోకుండా దాచడానికి కట్టిన ఇల్లు, ఆ తరవాత 1897లో వివేకానందుడు పరాయి దేశాలనుంచి తిరిగొచ్చి తొమ్మిది రోజులు అందులోనే ఉన్నారు. ఇంకాస్త ఉత్తరంగా పోతే నలుగురు మనుషులు పెద్ద బండరాయిని కదపబోతున్న విగ్రహం వస్తుంది, దేవీప్రసాద్ రాయ్ చౌదురిగారు చేసింది. మీ అమ్మ చిన్నప్పుడు ఆ విగ్రహం దగ్గర ఆగి, నాన్నా, వాళ్ళకి మనం కూడా ఓ చెయ్యి వేద్దామా అని మీ తాతని గుంజేది. మీ అమ్మ పుట్టింది కూడా అక్కడికి దగ్గర్లోనే, ట్రిప్లికేన్ గోషాసుపత్రిలో. నొప్పుల మధ్య కిటికీలోంచి సముద్రపు గాలి ఉప్పగా తగులుతుండేది. మొన్న నువ్వు స్నేహితులతో సుండల్ తింటూ, పచ్చిమామిడి ముక్కల కోసం కొట్టుకుంటూ నవ్వుకుంటూ నడిచిన ఇసుకలోనే మీ తాత, లోపలినుంచి కబురు ఎప్పుడొస్తుందోనని రాత్రి తెల్లవార్లూ పచార్లు చేశాడు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను, దీన్ని నవ్వి తోసెయ్యకు. సముద్రంలో చీలమండలు తడిసేదాకానే. మెరీనాలో అలలు చూడ్డానికి పిల్లకాలవల్లా కనిపిస్తాయి గానీ అడుగున లాగుడు ఎక్కువ, ఈతొచ్చినవాళ్ళనే లాక్కుపోతుంది, అందుకే అక్కడ స్నానాలకి దిగనివ్వరు. ఎవరైనా పందెం కట్టినా, నీ పిరికితనం చూడరా అని ఎగతాళి చేసినా నువ్వు దిగొద్దు, దిగేవాణ్ణి దిగనివ్వొద్దు. చెయ్యి పట్టుకుని ఇసుక మీదికి లాక్కొచ్చెయ్, కోపం వస్తే రానీ, మర్నాటికి పోతుంది. ఎలక్ట్రిక్ బండిలో గుమ్మం దగ్గర వేలాడొద్దు, గాలి బాగా వస్తుందని నాకూ తెలుసు. ఆ లైట్‌హౌస్ స్టేషను సాయంత్రాలు బోసిగా ఉంటుందని విన్నాను, ఆడపిల్లలు మీతో ఉంటే ఇంకాస్త పెందరాళే బయల్దేరండి. ఇద్దరినీ వాళ్ళ హాస్టలు గేటుదాకా దింపి, లోపలికి వెళ్ళాక తిరిగి వెళ్ళామన్నావు, అక్కడ నా గుండె కుదుటపడింది.

మ్యూజియం ఒక్కటి మాత్రం నా కోసం చూసి రావాలి. ఎగ్మూరులో ఉన్న ఆ మ్యూజియం 1851 నాటిది. నేను పుట్టింది అమరావతి పక్కన, కృష్ణ ఒడ్డున. చిన్నప్పుడు ఆ స్తూపం దిబ్బ మీద మేకలు తిరుగుతుంటే చూశాను, అది ఏమిటో ఎవరూ చెప్పలేదు. అందులోని రాళ్ళు మద్రాసు వచ్చి కాపురం పెట్టాకే చూశాను. 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడట, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్ని రాళ్ళు మద్రాసు తెచ్చాడు, అందులోంచి చాలావాటిని తరవాత ఓడెక్కించి లండన్ పంపేశారు. మిగిలినవి ఎగ్మూరులో ఉన్నాయి. మామీ వాళ్ళతో వెళ్ళిన మొదటిసారి నేను ఒకే ఒక్క రాయి దగ్గర ఉండిపోయాను. గుండ్రటి ఫలకం, అందులో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకపక్క మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తుంటుంది, మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. నాళగిరి అంటారు దాన్ని. అందరూ ఏనుగునీ బుద్ధుణ్ణీ చూసి ముందుకి వెళతారు. నువ్వు ఆ రెండింటి మధ్య జనంలో చూడు, ఒక ఆడమనిషి హడలిపోయి పక్కనున్న మనిషిని గట్టిగా కరుచుకుపోయి ఉంటుంది. ఆ శిల్పి ఎవరో, మా ఊళ్ళవైపు మనిషే అయ్యుంటాడు, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట ఉలి పట్టుకుని అంత పెద్ద కథ చెక్కుతూ ఆ ఒక్క పిల్ల భయాన్ని వదిలెయ్యలేదు. మిగతా గదులు చూసినా చూడకపోయినా సరే, మీ ఆరుగురూ దాని ముందు నిలబడి తీయించుకున్న ఫొటో నాకు పంపించు. లోపల ఫొటోలకి టికెట్టు అడిగితే కొనండి.

సరే, పొద్దు వాలుతోంది, పోస్టాఫీసు మూసేలోపు వెళ్ళాలి. ఈ శనివారం మన వీధి చివరి మాస్టారుగారి అబ్బాయి పినాకినిలో మద్రాసు వస్తున్నాడు, అతనితో ఒక సంచీ పంపుతున్నాను, సెంట్రల్‌కి వెళ్ళి తీసుకో, అతన్ని తాంబరం దాకా తిప్పకు. అందులో గోంగూర, కందిపొడి, జంతికలు ఉన్నాయి. జంతికలు గదిలో తలుపేసుకుని నువ్వు తినడానికి కాదు, డబ్బా మూత తీసి వరండాలో పెట్టు. కొత్త చెప్పులు నీకొక జత పెట్టాను, సైజు నీ పాతవాటిదే. ఆ వైజాగ్ అమ్మాయి తిరిగిచ్చిన పాతవి పారెయ్యకు, వానాకాలానికి పనికొస్తాయి.

వచ్చే ఆదివారానికి కాగితం మీద చోట్లు రాసుకుంటే రాసుకో, రెండుకి మించి రాయకు. గొడుగు తీసుకెళ్ళు. శుక్రవారం కాలేజీ సెలవుంది కదా అని మ్యూజియానికి పరిగెత్తకండి, ఆ రోజు దానికీ సెలవే.

ఉంటాను. ఒంట్లో ఎలా ఉందో, పరీక్షలెప్పుడో మీ అమ్మకి విడిగా రాయి, అది అడగదు గానీ ఎదురుచూస్తుంది.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

తా.క. సంచీలో గోంగూర సీసాలు రెండున్నాయి. ఎర్ర మూతది మనందరికీ అలవాటైన కారం. తెల్ల మూతదాంట్లో మిరపకాయలు సగమే వేశాను, అది ఆ తిరునల్వేలి అబ్బాయి ముందు పెట్టు, మన కారం తట్టుకోగలడో లేదో.